రూతు గ్రంథాన్ని చెవులతో చదివిన సంఘం: ఒక కేస్ స్టడీ

ఈ కేసు ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో ఒక చిన్న పల్లె సంఘానిది. ఊరి పేరు, సంఘం పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే మాటలు కొన్ని మనుషుల సొంత కష్టాల్లోంచి వచ్చినవి, అవి ఎవరివో నలుగురికీ తెలియడం వాళ్ళకు ఇష్టం లేదు. నా పని చిన్న సంఘాల్లో విశ్వాసులకు, అంటే పాస్టర్లూ సెమినరీ చదివినవాళ్ళూ కాని మామూలు మనుషులకు, లేఖనం చదవడం నేర్పడం. ఇక్కడ ఆ పని అక్షరాల ద్వారా కాక కథ ద్వారా జరిగింది.

పాస్టరుగారు నన్ను పిలిచిన కారణం చాలా సంఘాల్లో వినేదే. బుధవారం సాయంత్రం బైబిల్ స్టడీ పెడితే ఆడవాళ్ళు వస్తారు, కూర్చుంటారు, మధ్యమధ్య స్తోత్రం అంటారు, వెళ్ళిపోతారు. ప్రశ్న అడిగితే ఎవరూ నోరు విప్పరు. పట్టణం నుంచి తెప్పించిన స్టడీ పుస్తకంలో ఖాళీలు పూరించమని ఉంటుంది. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మందికి పైగా సంతకం దాటి రాయలేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 59 శాతం దగ్గర ఉంది. మెట్టపల్లెల్లో, అదీ కూలికి వెళ్ళే యాభై దాటిన ఆడవాళ్ళలో, అది ఎంత ఉంటుందో ఎవరూ లెక్కకట్టి చెప్పక్కర్లేదు. దాదాపు అందరి దగ్గరా బైబిలు ఉంది. గుడ్డసంచిలో పెట్టుకుని భద్రంగా మందిరానికి తెస్తారు, భద్రంగా తీసుకెళ్తారు.

"మా వాళ్ళకు గ్రహింపు తక్కువండీ" అన్నారు పాస్టరుగారు, జాలిగానే. నేను ఒప్పుకోలేదు. ఆ ఆడవాళ్ళే, ఇరవయ్యేళ్ళ కింద ఎవరి పెళ్ళిలో ఎవరు ఎవరితో ఏమన్నారో, ఏ మాటకు ఎవరు లేచి వెళ్ళిపోయారో, ఆ మాట వెనకున్న అసలు సంగతి ఏమిటో పూసగుచ్చినట్టు చెబుతారు. ఎవరు మాట్లాడారు, ఎందుకు అలా మాట్లాడారు, ఏం దాచారు. పాఠాన్ని దగ్గరగా చదవడమంటే కూడా ఇదే. లేఖనం వాళ్ళ దగ్గరికి వచ్చే దారే వాళ్ళది కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. కథలంటే చాలామంది శిక్షకులకు చేదుమాత్రకు చుట్టిన బెల్లం. మొదట కథ చెప్పి ఆకట్టుకుని, తర్వాత అసలు బోధ మింగిస్తారు. నా లెక్కలో అది కథను అవమానించడం. పరాయివాడి భార్యను తీసుకున్న దావీదు రాజు దగ్గరికి ప్రవక్త నాతాను వెళ్ళి, ధనవంతుడు పేదవాడి ఒక్క గొఱ్ఱెపిల్లను లాక్కున్న కథ చెప్పినప్పుడు ముందుగా పాయింట్లు చెప్పలేదు. రాజు కథ విని, కోపంతో తీర్పు చెప్పేదాకా ఆగాడు. తర్వాతే "ఆ మనుష్యుడవు నీవే". తీర్పు వినేవాడి నోటి నుంచే రావాలి. ఈ సంఘంలో నేను పట్టుబట్టింది ఈ ఒక్క దాని మీదే: కథ అయ్యాక చెప్పినవాళ్ళు వివరణ ఇవ్వకూడదు.

రూతే ఎందుకు

పాస్టరుగారు యోహాను సువార్త చెప్పమన్నారు. నేను రూతు అడిగాను. కరువుకు మోయాబు అనే పరాయి దేశానికి వలస పోయిన నయోమి, భర్తా కొడుకులూ పోయాక, మోయాబు కోడలు రూతుతో సొంత ఊరు బేత్లెహేముకు తిరిగి రావడం, అక్కడ భర్త బంధువు బోయజు పొలంలో రూతు కోతలో రాలిన వెన్నులు, అంటే పరిగె, ఏరడం, చివరికి అతన్ని చేసుకోవడం, ఇదీ కథ. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. సగం పైగా సంభాషణలే. జరిగే చోట్లు విడివిడిగా ఉంటాయి: దారి, ఊరు, పొలం, కళ్ళం, గుమ్మం. చెప్పేవాళ్ళకు గుర్తుండటానికి ఇంతకంటే సులువైన అమరిక పాత నిబంధనలో తక్కువ. యూదులు పెంతెకొస్తు పండుగ రోజున, అంటే కోతల పండుగకు, ఈ గ్రంథాన్ని బయటికి చదివి వినిపిస్తారు. చెవులతో వినే పుస్తకంగా దానికి తరతరాల అలవాటు ఉంది.

పెద్ద కారణం వేరు. ఈ గ్రంథం మొదలయ్యేది కరువుతో, వలసతో. పడమటి ప్రకాశానికి ఈ రెండూ ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ప్రాంతపు సంఘాల పుట్టుకలోనే కరువు ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువుపని కోసం వచ్చినట్టు కాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె ఆ వైపు సంఘాల్లో పిల్లలకు కూడా తెలుసు. కాలువ తవ్వినవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు ఎందరుంటారు? వాళ్ళు సువార్త విన్నది సాయంత్రాలు పని దిగాక, మనిషి నోటి నుంచి. అక్షరం లేకపోతే లేఖనం లేదనే ఆలోచన ఈ సంఘాలకు తర్వాత వచ్చి చేరింది.

ఎలా చేశాం

చెప్పేవాళ్ళుగా ముగ్గుర్ని ఎంచుకున్నాం. ఇద్దరికి చదువు వచ్చు, ఒకామెకు రాదు. చదువు రాని ఆమెను పాస్టరుగారే సూచించారు. సమాజంలో ఎవరింట్లో చావు జరిగినా ఓదార్చే మాటలు చెప్పడానికి ముందు ఈమెనే పిలుస్తారట.

సిద్ధపాటు ఇలా. అధ్యాయాన్ని ఒకరు బయటికి చదువుతారు, మిగిలినవాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు. మళ్ళీ చదువుతారు. అప్పుడు పుస్తకం మూసి, జరిగిన చోట్లు వరసగా చెప్పుకుంటాం. మొదట ఎక్కడున్నారు? అక్కడ ఎవరెవరున్నారు? ఎవరు వెళ్ళిపోయారు? చోట్లు కుదిరాక మాటలు కుదురుస్తాం. నియమం ఒకటే: కథనం మన మాటల్లో చెప్పుకోవచ్చు, కానీ పాత్ర మాట్లాడిన మాటలో అర్థం ఏదీ తగ్గకూడదు, పెరగకూడదు. రూతు నయోమితో అన్న ఆ ప్రసిద్ధమైన మాటల్లో ఎన్ని సంగతులున్నాయో వేళ్ళమీద లెక్కపెట్టుకుని నేర్చుకున్నారు: నువ్వెళ్ళే చోటికి, నువ్వుండే చోట, నీ జనం, నీ దేవుడు, నువ్వు చనిపోయే చోట, నా సమాధి, చివర ఒట్టు. చాలామంది ప్రసంగీకులు "నీ దేవుడే నా దేవుడు" దగ్గర ఆగిపోతారు. సమాధి గురించి అన్న మాట ఈ ఆడవాళ్ళకు ఎక్కువ తగిలింది. అత్తగారి ఊళ్ళో పూడ్చమని అడగడమంటే పుట్టింటి దారి మూసుకోవడమని వాళ్ళకు తెలుసు.

కథ చెప్పే సాయంత్రం మూడు దశలు. మొదట ఒకరు చెబుతారు, ఎవరూ అడ్డు రారు. తర్వాత వింటున్నవాళ్ళలో ఎవరైనా తిరిగి చెబుతారు, మిగిలినవాళ్ళు అందిస్తారు, సరిదిద్దుతారు. ఆ తర్వాతే బైబిలు తెరిచి, తొమ్మిదో పదో చదివే పిల్ల ఎవరైనా ఆ అధ్యాయం మొత్తం గట్టిగా చదువుతుంది.

ఈ మూడో దశ పాస్టరుగారి అడ్డు మాట వల్ల పుట్టింది. "మీరు చెప్పిన కథ బాగానే ఉంటుందమ్మా, కానీ వాక్యానికి ఒక్క మాట కలిసినా అది వాక్యం కాదు" అన్నారు. సరైన భయమే. ద్వితీయోపదేశకాండంలోనూ ప్రకటన చివరలోనూ ఆ హెచ్చరిక ఉంది. మన దగ్గర క్రీస్తు చరిత్రను బుర్రకథగా, హరికథగా చెప్పిన సంప్రదాయం ఉంది, అందులో చమత్కారానికి కలిపేవి ఉంటాయి, అక్కడ అవి అందం. మేం చేసేది వేరే పని కాబట్టి, పుస్తకం చివరగా వచ్చి తీర్పు చెప్పేలా ఏర్పాటు చేశాం.

అనుకోని లాభం ఇక్కడే వచ్చింది. మన సంఘాల్లో అందరి చేతుల్లో ఉన్న పాత అనువాదం గ్రాంథికం. ఆ భాష చదువు వచ్చినవాళ్ళకే తిన్నగా ఎక్కదు. కథ ముందే తెలిసి వింటే ఎక్కింది. పిల్ల చదువుతుంటే ఆడవాళ్ళు మధ్యలో "అదుగో, ఆ మాట మన అక్క చెప్పలా" అని పట్టుకోవడం మొదలుపెట్టారు. చెప్పిన మనిషి ఏం వదిలేసిందో, ఏం కలిపిందో పట్టుకోవడం వాళ్ళకు ఆట అయింది. సంచుల్లో ఉన్న బైబిళ్ళు చదవడం రానివాళ్ళ ఒళ్ళో తెరుచుకున్నాయి. పక్కనున్న మనవరాలు వేలు పెట్టి చూపిస్తుంటే.

ఓర్పాను ఎవరు తిట్టారు

చెప్పేవాళ్ళలో ఒకామె చిన్నది, డిగ్రీ చదివింది, సండే స్కూల్లో మంచి పేరుంది. మొదటి అధ్యాయం చెబుతూ, దారి మధ్యలో పుట్టింటికి తిరిగి వెళ్ళిన నయోమి రెండో కోడలు ఓర్పాను కొంచెం నల్లగా దిద్దింది. సుఖం కోసం వెనక్కి పోయిందని, లోకం వైపు తిరిగిందని. ఇది ఆమె తప్పు కాదు, మనం ప్రసంగాల్లో వినేదే. పిల్ల వాక్యం చదివింది. ఓర్పా ఏడ్చి, అత్తను ముద్దుపెట్టుకుని, తన జనం దగ్గరికీ తన దేవుడి దగ్గరికీ వెళ్ళిందని ఉంది, ఆమెను తప్పుపట్టిన మాట మాత్రం లేదు. నయోమి ఇద్దరు కోడళ్ళనీ ఒకేలా దీవించింది. ఇద్దరూ తన పట్ల, చనిపోయినవాళ్ళ పట్ల దయ చూపారంది.

ఒక పెద్దామె అంది, "అత్త ఎల్లమంది, ఎల్లింది. అత్త మాట ఇన్న కోడల్ని మనమెందుకు తిడతన్నాం?"

నవ్వారు, కానీ మాట అక్కడితో ఆగలేదు. అయితే మాట వినని రూతు ఎందుకు మంచిది? అత్త మాట వినడం మంచిదా, అత్తను వదలకపోవడం మంచిదా? ఆ వాదన ఇళ్ళకు వెళ్ళేదాకా సాగింది. రెండూ మంచివే అన్నవాళ్ళున్నారు. నేను తేల్చలేదు, గ్రంథమూ తేల్చలేదు కనుక.

అదే అధ్యాయం చివర నయోమి బేత్లెహేము ఆడవాళ్ళతో, నిండుగా వెళ్ళాను, దేవుడు నన్ను వట్టిచేతులతో తెచ్చాడు అంటుంది. మిర్చి కోతలకు గుంటూరు వైపు ఏటా వెళ్ళొచ్చే ఒకామె అడిగింది: "పక్కన కోడలు నిలబడుంది గదా టీచరమ్మా. ఆ పిల్ల ఇంటానే ఉంటది గదా ఆ మాట." నిజమే. ఊరంతా నయోమిని చూసి కదిలింది, రూతును ఎవరూ పలకరించినట్టు వచనంలో లేదు. నాలుగో అధ్యాయంలో అదే ఆడవాళ్ళు నయోమితో, ఏడుగురు కొడుకుల కంటే నీ కోడలు ఎక్కువ అంటారు. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు ఈమె తల ఊపి "ఇప్పుడు కనపడిందా" అంది, బేత్లెహేము ఆడవాళ్ళతో అన్నట్టు.

పొలం

రెండో అధ్యాయం మీద ఎక్కువ రాస్తున్నాను. ఈ పనిలో నాకు దొరికినదంతా దాదాపు ఇక్కడే ఉంది.

పరిగె ఏరడం అంటే పట్టణం సంఘాల్లో వివరించాల్సి వస్తుంది. ఇక్కడ వివరించబోయి నేనే నోరు మూసుకున్నాను. వాళ్ళలో పెద్దవాళ్ళందరూ చిన్నప్పుడు జొన్న, వేరుశనగ, వరి పరిగె ఏరినవాళ్ళే. ఏ రైతు ఏరనిస్తాడు, ఏ రైతు కుక్కను వదులుతాడు, కోత అయిపోయిన మడిలోకి ఎప్పుడు దిగాలి, కూలీలకు మరీ దగ్గరగా పోతే ఏమంటారు అన్నీ చెప్పారు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక పరిగె లేదన్నారు. లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయంలో పొలం అంచులు పూర్తిగా కోయవద్దు, రాలినవి ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయండి అని ఉంది. నేను చదివి వినిపించాను. "అది రైతుకు చెప్పిన ఆజ్ఞ, మనకు చెప్పింది కాదు" అంది ఒకామె. ఆ తేడా చాలా వ్యాఖ్యానాల్లో ఇంత సూటిగా కనపడదు. పరిగె అడుక్కోవడం కాదు, రావాల్సింది తీసుకోవడం.

ఆ తర్వాత తూమెడు యవల సంగతి. రూతు సాయంత్రం దాకా ఏరి, దుళ్ళగొడితే దాదాపు తూమెడు అయ్యాయి. మూలంలోని కొలత ఏఫా. పండితులు సుమారు 22 లీటర్లు ఉండొచ్చంటారు. నేను ఆ అంకె చెప్పగానే గుంపులో గొణుగుడు మొదలైంది. ఒక్క మనిషి, ఒక్క రోజు, పరిగె ఏరి అంత తేలేదు అన్నారు. చేతులు చూపించి లెక్క కట్టారు. "ఎవురో కావాలని వదిలారు" అని తేల్చారు.

కావాలని వదలమని బోయజు చెప్పిన వచనం అదే అధ్యాయంలో అంతకు ముందే ఉంది. కట్టల్లోంచి కొన్ని లాగి వేయమన్నాడు. వాళ్ళు అది విన్నారు కూడా. కానీ ఇప్పుడు వాళ్ళు చూసినది వేరు: ఆ గింజలు చూడగానే నయోమి "ఈ రోజు ఎక్కడ ఏరావు? నిన్ను కనిపెట్టినవాడు దీవెన పొందాలి" అని ఎందుకు అందో. ఎవరి పేరూ వినకముందే దీవించింది. రూతు ఇంకా పొలం యజమాని పేరు చెప్పలేదు. గింజల పరిమాణం చూసే నయోమికి అర్థమైంది, ఆమెకూ పొలం పని తెలుసు గనక. నేను ఈ గ్రంథం ఎన్నిసార్లు చదివి ఉంటానో గానీ, ఆ ప్రశ్నను మామూలు పలకరింపుగానే చదివాను. పరిగె ఏరిన చేతులకు అది పలకరింపు కాదు.

ఇంకొకటి. భోజనం వేళ బోయజు పేలాలు అందిస్తే రూతు తిని, తృప్తిపడి, కొన్ని మిగిల్చింది. కథ చెప్పిన ఆమె దీన్ని వదిలేసింది. పిల్ల చదివినప్పుడు గుంపు పట్టుకుంది. ఎందుకంటే నాలుగు వచనాల తర్వాత అవి మళ్ళీ వస్తాయి, ఇంటికి వెళ్ళాక అత్తకు పెట్టినవి అవే. కొంగులో ముడేసుకుని తెచ్చి ఉంటుందని ఒకరంటే, కొంగు అని రాయలేదు గదా అని ఇంకొకరు. ఈ రెండో మాట విని నాకు కలిగిన సంతోషం పాస్టరుగారికి కూడా చెప్పాను. రాసింది ఏది, మనం ఊహించింది ఏది అనే గీత వాళ్ళే గీసుకోవడం మొదలుపెట్టారు.

తర్వాత వచ్చినది అంత తేలిక కాదు. బోయజు రూతుతో నా పనికత్తెల దగ్గరే ఉండు, నిన్ను ముట్టవద్దని పడుచువాళ్ళకు చెప్పాను అంటాడు. దప్పికైతే వాళ్ళు చేదిన నీళ్ళు తాగమంటాడు. ఈ మాటలు ప్రసంగాల్లో బోయజు మర్యాదకు సాక్ష్యంగా వస్తాయి. ఇక్కడ ఆడవాళ్ళు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకామె నెమ్మదిగా, చెప్పాల్సి వచ్చిందంటే అక్కడ అలాంటిది జరుగుతున్నట్టే గదా అంది. అప్పుడు ఒకటొకటిగా వచ్చాయి, పొలాల్లో, పొగాకు బేరన్ల దగ్గర, ముఠాతో వలస వెళ్ళిన చోట్ల తమకూ తమ పిల్లలకూ ఎదురైనవి. అవి ఇక్కడ రాయను. లేఖనం దగ్గర కూర్చుని అవి చెప్పడం అదే మొదలని వాళ్ళే అన్నారు.

ఆ మాటలయ్యాక అందరికంటే చిన్న వయసున్న కోడలు ఒకటి గమనించింది. బోయజు పనికత్తెలతో ఉండమన్నాడు. రూతు ఇంటికొచ్చి అత్తకు చెప్పేటప్పుడు పనివాళ్ళ దగ్గర ఉండమన్నాడు అంది. నయోమి బదులిస్తూ మళ్ళీ పనికత్తెలతోనే వెళ్ళమంది. అత్త సరిదిద్దింది. ఆ ఊరి మగవాళ్ళ సంగతి ఆమెకు తెలుసు, పరాయి దేశపు పిల్లకు తెలియదు.

ఒక విధవ ప్రశ్న

గుంపులో భర్త పోయి కొన్నేళ్ళయిన ఒకామె ఉంది. మొదటి అధ్యాయం జరిగిన నాడు ఎవరో, వాగ్దానదేశం విడిచి మోయాబుకు పోయారు కాబట్టే దేవుడు ఆ ముగ్గుర్ని కొట్టాడు అన్నారు. సంఘాల్లో తరచుగా వినే బోధే. ఈమె ముఖం దించుకుంది. బంధువులు తన విషయంలోనూ ఇలాంటి లెక్కే చెప్పారని తర్వాత తెలిసింది.

ఇలాంటప్పుడు శిక్షకులకు ప్రసంగం చేయాలనిపిస్తుంది. చేయకూడదు. నేను అడిగింది ఒక్కటే: అది కథలో ఎక్కడ చెప్పారు? మళ్ళీ చదివించాం. నయోమి భర్త ఎలీమెలెకు చనిపోయాడు. కొడుకులు మహ్లోను, కిల్యోను చనిపోయారు. అంతే, కారణం లేదు. యెహోవా హస్తం నాకు విరోధంగా ఉందని అన్నది నయోమి. అది ఆమె బాధలోని మాట. కథ చెప్పేవాడు తన గొంతుతో అలా అనలేదు. ఇద్దరి గొంతులు వేరని గుంపుకు అర్థం కావడానికి ఇంకో సాయంత్రం పట్టింది. ఆ గ్రంథం మొత్తంలో కథకుడు తానుగా దేవుడు ఇది చేశాడని చెప్పే చోటు ఏది అని వెతికించాను. నాలుగో అధ్యాయం 13వ వచనం దొరికింది: రూతు గర్భవతి అయ్యేలా యెహోవా అనుగ్రహించాడు. మొదటి అధ్యాయంలో దేవుడు ఆహారమిచ్చి తన జనాన్ని దర్శించాడన్నది నయోమికి చేరిన వార్త. చంపాడని మాత్రం కథకుడు ఎక్కడా అనలేదు.

ఆమె ఆ రోజు ఏమీ అనలేదు. కొన్ని వారాల తర్వాత మొదటి అధ్యాయం తిరిగి చెప్పే వంతు అడిగి తీసుకుంది. మరణాల దగ్గర కారణం ఏదీ చేర్చకుండా చెప్పింది. ఇది స్వస్థత అని నేను అనను, ఆమె ఇంట్లో పరిస్థితి ఏమీ మారలేదు.

కళ్ళం, గుమ్మం

మూడో అధ్యాయం ఆడవాళ్ళ గుంపులోనే చెప్పాం. రాత్రి కళ్ళంలో రూతు వెళ్ళి బోయజు కాళ్ళ దగ్గర పడుకోవడం గురించి పాస్టరుగారికి సంకోచం ఉంది. ఆడవాళ్ళకు లేదు. కళ్ళంలో గింజ ఉన్నన్నాళ్ళూ యజమాని అక్కడే పడుకుంటాడు, దొంగల భయం, ఇందులో వింతేముంది అన్నారు. వాళ్ళను ఆపిన చోటు తెల్లవారుజాము. మనిషిని మనిషి గుర్తుపట్టేంత వెలుగు రాకముందే రూతు లేచింది, ఒక ఆడది కళ్ళానికి వచ్చిన సంగతి తెలియకూడదని బోయజు అన్నాడు, ఆరు కొలల యవలు ఎత్తించాడు. పేరు పోతే ఎవరి పేరు పోతుందో అతనికి తెలుసు అన్నారు. అంతకు మించి వాళ్ళు ఆ అధ్యాయాన్ని సాగదీయలేదు, నేనూ సాగదీయను.

నాలుగో అధ్యాయం మగవాళ్ళు అడిగి చెప్పించుకున్నారు. అప్పటిదాకా వాళ్ళు అరుగు మీద కూర్చుని వింటూ, వినడం లేదన్నట్టు ఉండేవాళ్ళు. ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి భూమి మాట తేల్చడమనేసరికి లోపలికి వచ్చారు. బోయజు మొదట నయోమి పొలం మాటే ఎత్తాడు, అతనికంటే దగ్గరి బంధువు ఒకడు కొంటానన్నాడు. అప్పుడు పొలంతోపాటు రూతును కూడా చేసుకోవాలన్న మాట ఎత్తాడు, ఆ బంధువు వెనక్కి తగ్గాడు. "బేరం తెలిసిన మనిషి" అన్నాడు భూమి తగాదాలు చూసి చూసి ఉన్న ఒక పెద్దాయన. ముందే రూతు సంగతి చెప్పి ఉంటే? పెద్దల ముందు ఒప్పుకుని తర్వాత కాదంటే పరువు తక్కువ, అందుకే ఈ వరస అని ఆయన వివరించారు. చెప్పు తీసి ఇవ్వడం గురించి ఎవరూ ఆశ్చర్యపోలేదు. చేతిలో చెయ్యేసినట్టు, సాక్షులకు కనపడాలి గదా అన్నారు. తప్పుకున్న ఆ బంధువుకు గ్రంథంలో పేరే లేదని మాత్రం చాలాసేపు మాట్లాడుకున్నారు. తన స్వాస్థ్యం పోతుందని చూసుకున్నవాడి పేరు మిగల్లేదు.

చివరి వంశావళి దగ్గర చెప్పేవాళ్ళు ముగ్గురూ వదిలేద్దామన్నారు. పేర్లు, ఎవరు వింటారని. పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. పెరెసు నుంచి దావీదు దాకా పది పేర్లు వాళ్ళే వరసగా నేర్చుకుని అందరితో కలిసి చెప్పారు. మత్తయి మొదటి అధ్యాయం బోయజు తల్లి రాహాబు అంటుంది. సండే స్కూలు పిల్ల ఒకతె ఇది చెప్పగానే, యెరికోనుంచి వచ్చిన పరాయి ఆడదాని కొడుకు మోయాబునుంచి వచ్చిన పరాయి ఆడదాన్ని చూసిన తీరు వేరుగా ఉంటుందని ఒకరన్నారు. రూతు గ్రంథంలో రాహాబు పేరు లేదు, ఇది మత్తయితో కలిపి చదివితేనే వచ్చేది అని నేను గుర్తుచేశాను. వాళ్ళు ఒప్పుకున్నారు, మాట మాత్రం వదల్లేదు.

పని చేసినవి, చేయనివి

ఏం అడగాలి అనేది ఎక్కువ తేడా తెచ్చింది. "ఈ కథలో నీతి ఏమిటి" అని అడిగిన క్షణం బుధవారం బైబిల్ స్టడీ మళ్ళీ వచ్చేస్తుంది. అందరూ విశ్వాసం, విధేయత, ప్రార్థన అనే మూడు జవాబుల్లో ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఎవరికి ఈ మాట వినపడింది, ఆ మాటకు ముందు ఏం జరిగింది అని అడిగితే గుంపు కదులుతుంది. "నువ్వయితే ఏం చేస్తావు" అనే ప్రశ్న నాకు ఇష్టం లేదు. ముందుగా అడిగితే రూతు పక్కకు పోయి మనమే మిగులుతాం. అది దానంతట అది వచ్చినప్పుడు రానివ్వాలి.

కథ చెప్పేవాళ్ళ గొంతు ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంచుకున్నారు. హైదరాబాదులో బిల్డింగ్ పనులకు వెళ్ళిన పిల్లలు విన్నారు. మంచిదే. కానీ రికార్డింగు వచ్చాక కొందరు తమ మాటల్లో తిరిగి చెప్పడం మానేసి దాన్నే వల్లించారు. అందుకని రెండో దశ, తిరిగి చెప్పడం, అయ్యాకే రికార్డు చేయాలని తర్వాత నియమం పెట్టుకున్నారు.

యవ్వనస్థుల కూటంలో ఇదే గ్రంథం చెబితే ఆడపిల్లలు "నాకూ ఒక బోయజు రావాలని ప్రార్థించండి" అన్నారు. యూట్యూబ్ ప్రసంగాల ప్రభావం అది. దాంతో ఏమీ చేయలేకపోయాం, మళ్ళీ రెండో అధ్యాయానికే తీసుకెళ్ళడం తప్ప.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. పౌలు ఫిలేమోనుకు రాసిన 25 వచనాల ఉత్తరాన్ని కథగా చెప్పవచ్చు. పారిపోయిన దాసుడు, యజమాని, మధ్యలో చెరసాలలో ఉన్న ముసలి పౌలు, అన్నీ ఉన్నాయి. రోమా పత్రిక మూడో అధ్యాయం నుంచి ఎనిమిది దాకా సాగే వాదనను కథ చేయబోతే వాదన పోతుంది. అది కూర్చుని చదవాల్సిందే, పక్కన చదువు వచ్చిన మనిషి ఉండాల్సిందే. కథ చెప్పడం వచ్చింది కదా అని పాస్టరుగారి బోధ అక్కర్లేదనుకున్న సంఘాలను నేను చూశాను, అవి త్వరగా గొడవల్లో పడ్డాయి. ఇక్కడ అలా జరగలేదు, ఎందుకంటే బుధవారం విన్న ప్రశ్నలను పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలోకి తీసుకున్నారు. ఆయనకు అది మొదట్లో కష్టంగానే ఉండింది. ఇప్పుడు బుధవారం ఆయన వెనక వరసలో కూర్చుంటారు.

రూతు తర్వాత ఏది అన్నప్పుడు నేను యోనా అన్నాను, 48 వచనాలు, సులువని. ఆడవాళ్ళు హాగరు, అంటే అబ్రాహాము ఇంటి నుంచి కొడుకుతో వెళ్ళగొట్టిన దాసి, కథ కావాలన్నారు. చదువు రాని ఆమె చెబుతోంది, మనవడు చదువుతున్నాడు. ఆదికాండం పదహారో అధ్యాయం అయింది. నేరుగా ఇరవై ఒకటికి వెళ్ళాలా, మధ్యలో సొదొమ చెప్పి వెళ్ళాలా అన్నది గుంపులో ఇంకా తేలలేదు. పాస్టరుగారు వరస తప్పొద్దంటున్నారు. ఆడవాళ్ళకు మాత్రం ఇరవై ఒకటిలో హాగరుకు కనపడిన ఆ నీళ్ళ ఊట దగ్గరికి త్వరగా వెళ్ళాలని ఉంది.